ప్లాస్టరు కింది మంగళవారం

ఆవిడ పోయిన సంగతి నాకు ఐసు పెట్టెలో వచ్చింది.

ఆకివీడు నుంచి చేపలు పంపే తెల్లటి థర్మాకోల్ పెట్టె. మూత చుట్టూ టేపు. వట్లూరులో మా గుమ్మం ముందు దాన్ని దించి, ఒక పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ, కంప్యూటరు మాస్టారి ఇల్లు ఇదేనా అని అడిగారు. ఇదేనన్నాను. పెట్టె చూసి మా ఆవిడ సంతోషంగా లోపలికి వెళ్లి గిన్నె పట్టుకొచ్చింది. టేపు కోసి మూత తీస్తే ఐసు ముక్కల మధ్య, కవరు మీద కవరు చుట్టుకుని, ఒక పాత హార్డ్ డిస్కు పడుకుని ఉంది. మా ఆవిడ గిన్నెతో సహా వెనక్కి వెళ్లిపోయింది.

“మా చెల్లిదండి. పవర్‌పేట స్టేషను దగ్గర కంప్యూటరు టైపు కొట్టేది. పోయిన నెల పోయిందండి. ఇది వేడెక్కిపోతందని ఎప్పుడూ అంటా ఉండేది. దార్లో పాడైపోద్దేమోనని ఐసేసి తెచ్చాను.”

పవర్‌పేట అనగానే తెలిసిపోయింది. టీచరుగారు.

మనసుకు ఏదైనా తగిలినప్పుడు నాకు వెంటనే ఉపన్యాసం వస్తుంది. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవాడికి అది వృత్తి జబ్బు. డిస్కును ఐసులో పెడితే చెమ్మ ఎలా పడుతుందో, చెమ్మ పడితే లోపలి పళ్లెం ఏమవుతుందో, అక్కడే నిలబడి వివరంగా చెప్పాను. అక్కగారు ఓపిగ్గా అంతా విన్నారు.

“అయితే ఉప్పు చల్లకపోవడం మంచిదే అయిందండి” అన్నారు.

కాఫీ తాగుతూ విషయం చెప్పారు. అక్కగారికి రాయడం రాదు. పాటలు మాత్రం వస్తాయి. చేలో కలుపు తీస్తూ, రొయ్యలు ఒలుస్తూ, తనంతట తనే కట్టుకున్న దేవుడి పాటలు. వాటిని పుస్తకం వేద్దామని చెల్లెలు అన్నదట. వీలైనప్పుడల్లా బస్సెక్కి ఏలూరు వచ్చి అక్కగారు పాడేవారు, చెల్లెలు కంప్యూటర్లో కొట్టేది. ఏళ్లు గడిచాయి. పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. ఇప్పుడు చెల్లెలు లేదు. కంప్యూటరు డబ్బాకు కరెంటు ఇస్తే పొగ వచ్చిందని, రిపేరు చేసే అతను ఇదొక్కటి ఊడదీసి చేతిలో పెట్టాడు.

మళ్లీ పాడితే నేను రాసుకుంటానన్నాను, చాలా తెలివైన ఉపాయం చెబుతున్నట్టు.

“దానికి ఇచ్చేశాను కదండీ. ఇచ్చేసినవి ఇంకెందుకులే అని వదిలేశాను. ఇప్పుడు ఒకదాని తోక ఇంకోదానికి తగులుకుంటంది. నేనుండగా ఒక్కసారి వినిపించండి మాస్టారూ. చాలు.”

ఇంతకీ నా దగ్గరికే ఎందుకు తెచ్చారని అడిగాను. వట్లూరులో ఒక మాస్టారున్నారు, నా దగ్గరే కంప్యూటరు నేర్చుకున్నారు అని టీచరుగారు చెబుతూ ఉండేవారట. ఆవిడ నన్ను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. ఒక్కసారి కూడా. ఆ మాట అక్కగారికి చెప్పలేదు. కాలేజీ వెబ్‌సైటులో నా పేరు పక్కన రాసి ఉన్న చాలా విషయాలకంటే ఇది నిజానికి దగ్గరగానే ఉంది.

నేను తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వచ్చి ఏలూరులో చదువుకునే రోజుల్లో, పవర్‌పేటలో దిగగానే ఆవిడ కొట్టు కనిపించేది. కొట్టంటే ఒక గది, ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. ఆ కుర్చీ ఆవిడది. వచ్చినవాళ్లు నిలబడాలి. అంతకుముందు ఆ గదిలోనే టైపు మిషన్లు పెట్టి పాఠం చెప్పేవారట. మిషన్లు పోయాయి, టీచరుగారన్న పేరూ చెక్క స్కేలూ మిగిలాయి. తెర మీద ఏదైనా చూపించాలంటే వేలు పెట్టేవారు కాదు. స్కేలుతో టక్కున కొట్టి చూపించేవారు. తెర గాజుకేమవుతుందోనని నాకు భయం. గాజు మాత్రం నాకన్నా క్రమశిక్షణతో ఉండేది.

కరెంటు పోతే ఆవిడ విసనకర్ర తీసుకుని విసిరేవారు. తనకు కాదు, కంప్యూటరు డబ్బాకు. ఆగిపోయిన యంత్రానికి గాలెందుకండీ, అదే చల్లారుతుంది కదా అని ఒకసారి అన్నాను. “మీరు పరీక్ష రాసొచ్చాక మీ అమ్మగారు ఫ్యాను వెయ్యరా ఏంటండీ” అన్నారు. నాకు కంప్యూటర్ ఆర్కిటెక్చరులో మంచి మార్కులొచ్చాయి. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ రాలేదు.

తెర కుడివైపు అడుగు మూలలో, గాయాలకు వేసే ప్లాస్టరు ఒకటి అంటించి ఉండేది. అంచులు మాసి, దూది కనిపిస్తూ. ఏమైందని అడిగితే, దెబ్బ తగిలిందండి అన్నారు. గాజు పగిలిందనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. తెరకు ఆ మూల ఏముంటుందో కంప్యూటర్లు చదివినవాడికి ఒక్కసారైనా తట్టాలి. తట్టలేదు.

ఏ పని ఇచ్చినా, ఏ రోజు ఇచ్చినా, ఆవిడ మాట ఒకటే. “ఆయ్, మంగళవారం ఇచ్చేస్తానండి.” బుధవారం వచ్చినవాడికీ మంగళవారమే, సోమవారం సాయంత్రం వచ్చినవాడికీ మంగళవారమే. మంగళవారం నాడే వచ్చిన పెళ్లివారు ఈవేళేనా అని ఆశగా అడిగితే, మంగళవారమన్నాను కదండీ అనేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫాంటు ఒక ఎత్తు. ఆవిడ టైపు కొట్టేటప్పుడు తెర చూసేవారు కాదు, కీలూ చూసేవారు కాదు. కాగితం చదివి వినిపిస్తున్న మనిషి మొహం చూసేవారు. ఏదైనా కటువైన మాట వచ్చిందా, పది వేళ్లూ ఒక్కసారిగా గాల్లోకి లేచి ఆగిపోయేవి.

“ఈ మాట మా ఫాంటులో రాదండి.”

ఒకసారి కొల్లేటి వైపు రైతు ఒకాయన వచ్చాడు. పక్కవాడి చేపల చెరువు నీళ్లు ఊరి వరిచేను పాడుచేశాయి, అధికారి పట్టించుకోలేదు. అర్జీలో ఆ అధికారిని కళ్లున్న కబోది అని రాయించాలని ఆయన పట్టుదల. వేళ్లు లేచాయి. ఫాంటులో రాదన్నారు. అక్షరాలన్నీ ఉన్నాయి కదండీ అని రైతు తెర చూపించాడు.

“అక్షరాలు వస్తాయండి. అలా పక్కపక్కన రావు.”

రైతుకు నమ్మకం కుదరలేదు. అప్పుడావిడ స్కేలు నా వైపు తిప్పారు. “ఇదిగో, ఇంజనీరుగారున్నారు. అడగండి.”

కాలేజీకి ఇవ్వాల్సిన నా ప్రాజెక్టు రిపోర్టు ఆవిడ చేతిలో ఉంది. కొన్ని అక్షరాల కలయికను ఈ వ్యవస్థ అనుమతించదని, గొంతు సవరించుకుని చెప్పాను. అది నా మొట్టమొదటి సాంకేతిక సలహా. రైతు తల ఊపి, అయితే ఏది వస్తే అదే కొట్టండన్నాడు. ‘తమరు దయతో ఒకసారి చేను చూడవలెను’ అని కొట్టారు. తర్వాత అధికారి వచ్చి చేను చూశాడట. రైతు కొట్టుకొచ్చి ఫాంటును మెచ్చుకున్నాడు.

నా రిపోర్టు సంగతి కూడా చెప్పేస్తాను. అది ఇంగ్లీషు. మొదటి పేజీలో, ఇది పూర్తిగా నా స్వయంకృషి అని ఉండాలి. మా సీనియర్ల రిపోర్టు కూడా ఆవిడే కొట్టారని నాకు తెలియదు. వేళ్లు లేచాయి.

“ఇంగ్లీషు ఫాంటులో కూడా రాదా అండీ?”

“ఇంగ్లీషులో అసలు రాదండి.”

నేర్చుకున్న మేరకు చేసితిని అని మార్చి ఇచ్చారు. మంగళవారం ఇచ్చారు.

ఇప్పుడు ఆ డిస్కు నా బల్ల మీద ఆరుతోంది. చెమ్మంతా పోయాక పని మొదలుపెట్టాను. ఆవిడ వాడిన, పేజీలు కట్టే సాఫ్టువేరు ఇప్పుడెక్కడా లేదు. ఆ ఫైళ్లను ఇప్పటి కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు బాణాలూ చుక్కలూ వస్తాయి. కాబట్టి ఆవిడ కంప్యూటరునే మళ్లీ లేపాలి. దానికి పద్ధతి ఉంది. డిస్కులో ఉన్నదంతా వరసగా ఎత్తి ఒకే పెద్ద ఫైలుగా పోసుకోవాలి. బియ్యమేవి, నూకలేవి, రాళ్లేవి అని ఏరకుండా బస్తా బస్తానే దించుకోవడం అన్నమాట. దాన్ని రా ఇమేజ్ అంటారు. ఆ ఇమేజిని ఎమ్యులేటరు అనే ప్రోగ్రాముకు ఇస్తే, అది పాత కంప్యూటరులా నటిస్తుంది. డిస్కు తన డబ్బా ఇంకా ఉందనే అనుకుంటుంది. పొగ వచ్చిన సంగతి దానికి ఎవరూ చెప్పరు.

ఇమేజి తీశాను. ఎమ్యులేటరుకు ఇచ్చాను. అది ముందుగా ఒక హెచ్చరిక వేసింది: ఈ ఫైలు ఏమిటో నువ్వు చెప్పలేదు, నేనే రా ఇమేజ్ అనుకుంటున్నాను, ఇలా అనుకోవడం ప్రమాదం. హెచ్చరికలు చదవాలని విద్యార్థులకు చెబుతాను. చదివాను కూడా. చదివి మూసేశాను. ఇమేజికి ఇంకో కాపీ తీసి పక్కన పెట్టుకుని, కాపీ మీదే పని చేయాలనేది నేను ప్రతి ఏడూ పరీక్షలో అడిగే ప్రశ్న. అది విద్యార్థులకు.

మొదట నల్ల తెర, మూల ఒక గీత మిణుకుమిణుకుమనడం. తర్వాత నీలం తెర. ఎమ్యులేటరులో నేను ఎంచుకున్న డిస్కు రకం మరీ కొత్తది, పాత ప్రాణానికి పడలేదు. పాత రకం పెట్టాను. ఈసారి లేచింది. ఆ కాలపు చిన్న సంగీతం వినిపించింది. వంటింట్లోంచి మా ఆవిడ, ఎవరొచ్చారండీ అని అడిగింది.

నేను కొద్దిగా ఆలోచనలో పడేసరికి స్క్రీన్‌సేవరు వచ్చి, ముట్టుకోకండి అని ఇంగ్లీషు అక్షరాల్లో తెరంతా తిరిగింది. చేతులు వెనక్కి లాక్కున్నాను. నమ్మండి, నిజంగానే లాక్కున్నాను.

అప్పుడు చూశాను కుడివైపు అడుగు మూల. జీవితంలో మొదటిసారి. అక్కడ పగులు లేదు. గడియారం ఉంది. ఈ రోజు తేదీ చక్కగా చూపిస్తోంది. ఎమ్యులేటరు నా ల్యాప్‌టాప్ నుంచి తేదీ తెలుసుకుని దానికి అందించింది. ఎంత బాగా పనిచేస్తోందోనని మురిసిపోయి, ఆ పేజీల సాఫ్టువేరు మీద నొక్కాను.

మీ నెల రోజుల ఉచిత గడువు ముగిసినది, అని వచ్చింది.

తేదీ వెనక్కి తిప్పాను. ఒప్పుకోలేదు. గడువు దాటిన సంగతి అది అప్పటికే డిస్కులో రాసేసుకుంది, అంటే నా ఇమేజిలో. నాకున్న ఒకే ఒక్క ఇమేజిలో.

ఇమేజిలో ఉన్న ఆవిడ ఫైళ్లను బయటినుంచి చూస్తూ కూర్చున్నాను. పెళ్లి శుభలేఖలు, చర్చి కరపత్రాలు, అర్జీలు, అద్దె ఒప్పందాలు, ఇంజనీర్ల స్వయంకృషి. వాటి పక్కన తేదీలు. మొదటిదాని తేదీ, రెండోదాని తేదీ, చివరిదాని తేదీ, అన్నీ ఒకటే. ఏలూరు చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ, పోయినవాళ్ల జ్ఞాపక కూడికలన్నీ, ఏళ్ల తరబడి ఒకే ఒక్క రోజున టైపు అయ్యాయి. ఆ రోజు ఏ వారమో లెక్కగట్టి చూశాను. గట్టనవసరం లేదు, మీకూ తెలుసు.

అక్కగారికి ఫోను చేశాను.

“ఆయ్, అవునండి. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, దానికి తేదీ వెనక్కి తిప్పేది. ఎక్కించినాయన నెలే పనిచేస్తదన్నాడంట. నెల దాటనివ్వకపోతే సరే కదా అనుకుంది. ఎవరైనా చూసి సరిచేస్తారేమోనని పైన పట్టీ అంటించింది.”

సరిచేసేవాడు ఎవడో ఒకడు వస్తాడని ఆవిడకు తెలుసు. బతికుండగా ప్లాస్టరు అడ్డం పెట్టారు. ఎమ్యులేటరులో ప్లాస్టరు లేదు. వచ్చాను.

ఇక డిస్కును మళ్లీ మొదటినుంచి చదవాలి. మొదటిసారికే అది మూలిగింది. ఈసారి సగంలో ఆగి, లోపల స్కేలుతో ఎవరో కొడుతున్నట్టు టక్ టక్ మంది. చెయ్యి పెడితే కాలింది. దీనిలో ఇంకెక్కడా లేని పాటలున్నాయి, వాటి కోసం ఆకివీడులో ఒక మనిషి ఎదురుచూస్తోంది, ఒక కాపీ నేనే చెడగొట్టాను. ఉపన్యాసం కూడా రాలేదు.

మా ఆవిడ వచ్చి, నన్నూ డిస్కునూ చూసింది. వరండాలో ఉన్న థర్మాకోల్ పెట్టె తెచ్చి, ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి అందులో పోసి నా ముందు పెట్టింది. నేను డిస్కును కవరు మీద కవరు చుట్టి, తీగ మాత్రం బయటికి వదిలి, ఐసు మీద పడుకోబెట్టాను. మా డిపార్టుమెంటువాళ్లు ఎవరూ రాకూడదని కోరుకుంటూ తలుపు మూశాను. డిస్కు చివరిదాకా చదివింది. ఐసు వల్ల అని నేను ఒప్పుకోను. ఐసు వల్ల కాదని కూడా ఎక్కడా చెప్పలేదు. కాపీలు తీశాను, వాటికి మళ్లీ కాపీలు తీశాను. ఫైలు ఏమిటో ఈసారి ఎమ్యులేటరుకు ముందే విడమర్చి చెప్పాను. గడియారం సంగతి కూడా చెప్పాను: నువ్వు లేచినప్పుడల్లా మంగళవారం.

ఆదివారం ప్రార్థన అయ్యాక, ల్యాప్‌టాప్ పట్టుకుని ఆకివీడు వెళ్లాను. అక్కగారి ఇల్లు రోడ్డు పక్కనే. చేపల లారీలు నీళ్లు కారుస్తూ పోతున్నాయి. అరుగు మీద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, ఆవిడ నిలబడ్డారు. వాళ్ల కుటుంబంలో కంప్యూటరు ముందు ఒక్క కుర్చీయే ఉంటుంది కాబోలు. బతిమాలితే పీట వేసుకున్నారు.

సంగీతం వచ్చింది. సాఫ్టువేరు ఏమీ అనకుండా తెరుచుకుంది. పాటలు ఒక్కొక్కటే చదివాను. రాగం నాకు రాదు. అక్కగారు కళ్లు మూసుకుని మొదటి మాట అందుకుని తర్వాత తనే పాడేసేవారు. అలా చాలా పాటలు మళ్లీ ఆవిడవి అయ్యాయి. తర్వాత ఇది చదివాను:

పిలువగానే పలికినావు ప్రియమైన ప్రభువా
నీళ్లలోన తోడు నిలిచి నడిపినావు ప్రభువా

“ఆగండి” అన్నారు. “అది నాది కాదండి.”

ఆవిడ తనది పాడారు. గొంతు పెద్దది కాదు, కానీ లారీ చప్పుడు మీద కూడా వినిపించింది.

పిలిచి పిలిచి గొంతు పోయె వినపడదా ప్రభువా
నీళ్లలోన పొయ్యి మునిగె కనపడదా ప్రభువా

“పలకలేదండి ఆయన. కొల్లేరు పొంగి ఇంట్లోకొచ్చింది. గింజలు నానిపోయాయి. అటకెక్కి కూర్చున్నాం. అమ్మా నాన్నా అవతల గట్టున ఉండిపోయారు. పలికాడని దానికెవరు చెప్పారు?”

ఫాంటులో రాలేదేమోనండి అన్నాను. హాస్యం అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

“అక్కడ ఇప్పుడు ఏ రోజండీ?” అని తెర వైపు చూపించారు.

“మంగళవారమండి.”

“అయితే అది కొట్లోనే ఉంటది. ఉండగానే దిద్దండి. తను లేనప్పుడు దిద్దామని అది అనుకోకూడదు.”

దిద్దడానికి కూర్చున్నాను. అది పాత టైపు మిషను కీల వరస. ఏ అక్షరం ఎక్కడుందో నాకు తెలియదు. ‘పి’ కోసం వెతికితే ‘ఘ’ వచ్చేది. ఒక్కో కీ నొక్కుతూ, చెరుపుతూ, మళ్లీ నొక్కుతూ ఉంటే, ఆవిడ కాసేపు విని, “వాన వెలిశాక చూరు కారినట్టుందండి మీ చెయ్యి. అది కొడితే జడివానే” అన్నారు. టీచరుగారి దగ్గరే నేర్చుకున్నానన్న పేరు ఆ అరుగు మీద ముగిసింది.

అయినా వచ్చాయి. పిలిచి పిలిచి గొంతు పోయె. అక్షరాలన్నీ వచ్చాయి. పక్కపక్కనే వచ్చాయి. ఆ ఫాంటులో రాని మాటంటూ ఏదీ లేదు. ఇంత చదువుకున్నాక ఈ సంగతి కనుక్కున్నాను.

టీచరుగారి పంక్తుల్ని ఇక చెరిపేద్దామని వాటిని నల్లగా ఎంపిక చేశాను. అక్కగారు ఆ నలుపు వైపు చూస్తూ ఉన్నారు.

“అటక మీద అది నా ఒళ్లోనే పడుకుందండి” అన్నారు. “చిన్నపిల్ల. చీకట్లో అక్కా అక్కా అనేది. అన్నప్పుడల్లా ఊఁ అనేదాన్ని.”

నా వేలు చెరిపే కీ మీద ఉంది. ఒక లారీ వెళ్లింది.

“దాన్నీ ఉంచండి మాస్టారూ. నాది పైన, దానిది కింద. దానికి పలికింది కదా మరి.”

వేలు తీసేశాను. రెండూ ఉంచి, సేవ్ చేశాను. ఫైలు పక్కన తేదీ చూశాను. మంగళవారమే.

అక్కగారు లోపలికి వెళ్లి ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చారు. ఈసారి నిజంగానే చేపలు, మా ఆవిడ గిన్నె కోసమట. బస్సు దాకా వచ్చి, పెట్టె నా ఒళ్లో పెట్టి, పుస్తకం ఎప్పటికి వస్తుందండీ అని అడిగారు. అచ్చు పని, అట్ట పని, కాగితం దొరకడం, తప్పులు చూడడం, అన్నీ ఆలోచించి, ఉన్నదున్నట్టు చెబుదామనే నోరు తెరిచాను.

“ఆయ్, మంగళవారం ఇచ్చేస్తానండి” అన్నాను.